ఎర్ర అట్ట పుస్తకంలో లేని చివరి వారం

నేను ప్రభుత్వ బడిలో సైన్సు టీచర్ని. అబద్ధం చెప్పొద్దని పిల్లలకు చెప్పి నెలనెలా జీతం తీసుకునే మనిషిని. అలాంటిదాన్ని ఒక అబద్ధం చెప్పి, దాన్ని తొమ్మిదేళ్లు కాపాడుకుంటూ వచ్చాను. దానివల్ల ఎవరి సొమ్మూ పోలేదు, ఎవరి కాపురమూ చెడలేదు. ఒక కథ ఎలా ముగిసిందో నాకు తెలుసని చెప్పాను, నిజానికి తెలియదు. అంతే సంగతి. కానీ నేను నోరు తెరిస్తే చెవులు రిక్కించి వినే మనుషులు ఈ లోకంలో ముగ్గురే ఉన్నారు. వాళ్ల మధ్య నా చోటు ఆ అబద్ధంతోనే దొరికింది. అది బయటపడితే చోటు కూడా పోతుందని తొమ్మిదేళ్లూ భయపడుతూనే ఉన్నాను.

మాది జమ్మలమడుగు. మా తాతల తాతలు దొరల కాలంలో మిషన్‌లో చేరినవాళ్లు. ఇంట్లో ఆడా మగా అందరూ టీచర్లో నర్సులో. మాయలు, మంత్రాలు ఉన్న కథలు చదివితే మా అమ్మ ఒప్పుకునేది కాదు. అందుకని పక్కింటి టీచరమ్మకు వచ్చే వారపత్రికను ఆమె వరండాలోనే కూర్చుని చదివి, చేతులు కడుక్కుని ఇంటికి వచ్చేదాన్ని. చేతులెందుకు కడుక్కునేదాన్నో ఇప్పటికీ తెలియదు. పెద్దదాన్నై ఉద్యోగం వచ్చాక కూడా ఆ పిచ్చి పోలేదు. మా స్టాఫ్ రూములో చీరల గురించి, పెరగని జీతాల గురించి ఎంతసేపైనా మాట్లాడతారు. కాలంలో వెనక్కి పోయే యంత్రం ఉంటే మన తాత పెళ్లిని మనం ఆపగలమా అని అడిగితే మాత్రం, "మేడమ్ గారికి పని తక్కువైంది" అంటారు.

అలా పని తక్కువైన మనుషులు ఇంకో ఇద్దరు నాకు ప్రొద్దుటూరులో దొరికారు. బడి లైబ్రరీ పుస్తకాల అట్టలు ఊడిపోతే కట్టించడానికి తీసుకుపోయాను. బంగారంగళ్ల వీధి వెనక సందులో చిన్న బైండింగు అంగడి అది. ఉడికించిన మైదా గంజి, పురుగు పట్టకుండా అందులో కలిపిన మైలుతుత్తం, రెండూ కలిసి ఒక వాసన. అంగడి ఆయన యాభై దాటిన ముస్లిం. దబ్బనంతో కాగితాల కట్ట కుడుతూ, తలెత్తకుండానే ఎదుటి మనిషితో వాదిస్తున్నాడు. ఆ ఎదుటి మనిషి ఖాకీ చొక్కాలో ఉన్న బస్సు కండక్టరు.

"రోబోకు ఏడుపొస్తే కండ్లల్లో నీళ్లు యాడ్నుంచి వస్తాయప్పా? ఆ సినిమా తీసినోడు ఆలోచన చేసినాడా?" అంటున్నాడు కండక్టరు.

"నీళ్లెందుకు, నూనె కార్తాది."

"నూనె కారితే అది ఏడుపు కాదు, రిపేరు."

నేను పకపకా నవ్వేశాను. ఇద్దరూ నా వైపు చూశారు. రోబోకు ఏడుపు రావాలంటే ముందు దానికి పోగొట్టుకునేది ఏదైనా ఉండాలి కదా అని నేను కూడా ఒక మాట వేశాను. కండక్టరు పక్కకు జరిగి బల్ల మీద చోటిచ్చాడు. "కూర్చో టీచరమ్మా, నువ్వు మనిసివే" అన్నాడు. ఆ రోజు రెండు బస్సులు వదులుకున్నాను.

తర్వాత ప్రతి ఆదివారం, చర్చిలో ఆరాధన అయిపోగానే, కట్టుకున్న తెల్లచీరతోనే ప్రొద్దుటూరు బస్సెక్కేదాన్ని. అంగడికి ఆ రోజు సగం షట్టరు. దాని కింద నుంచి వంగి లోపలికి పోవాలి. అంగడి ఆయన్ని నేను భాయ్ అని, కండక్టర్ని మామా అని పిలిచేదాన్ని. మామది వీరపునాయునిపల్లె దగ్గర ఒక పల్లె, గొర్రెలు మేపిన ఇల్లు. పదో తరగతి దాకా తనూ మంద వెంట తిరిగినవాడే. భాయ్‌కి మాంత్రికులంటే ప్రాణం. "మాంత్రికుడు ల్యాకుంటే రాజు కొడుక్కి పనేముంది? తిని పండుకుంటాడు" అనేవాడు. మామకు రాజు కొడుకులంటే పడదు. ఏ కథ చెప్పినా గుర్రం పట్టుకుని నిలబడినవాడు, పడవ నడిపినవాడు, అంతరిక్ష నౌకలో ఇంజను కాడ మసి పూసుకుని కూర్చున్నవాడు, వాళ్ల సంగతే అడిగేవాడు. వాళ్లు ఏమైనారో చెప్పకుండా కథ ముగిస్తే ఆయనకు ఎక్కడ లేని కోపం వచ్చేది.

వాళ్లకో రూలుండేది. మామకు ఇంగ్లీషు రాదు. భాయ్‌కి చూపు తగ్గి తెర మీది అక్షరాలు అందవు. నేను ఒంటరిగా సినిమాకు పోతే సోమవారానికి జమ్మలమడుగంతా తెలుస్తుంది. కాబట్టి ఎవరు ఏది చూసినా, ఏది చదివినా మిగతావాళ్లకు మొదటి నుంచి చివరి దాకా చెప్పాలి. విన్నవాళ్లు దాన్ని తామే చూసినట్టు లెక్క. అందుకని చూసింది చూసినట్టు, చదివింది చదివినట్టు చెప్పాలి. మర్చిపోతే మర్చిపోయానని ఒప్పుకోవాలి. సొంతంగా ఒక్క ముక్క కలిపినా తప్పే. మొదటి రోజే నాకు ఆ రూలు చెప్పారు, నేను తల ఊపాను.

ఇక ఎర్ర అట్ట పుస్తకం సంగతి. వారపత్రికల్లో సీరియళ్లు వచ్చే రోజుల్లో ఇళ్లలో ఆడవాళ్లు ఆ పేజీలను వారంవారం చింపి దాచుకుని, అన్నీ పూర్తయ్యాక బైండింగుకు ఇచ్చేవాళ్లు. కథ పేజీ వెనక వైపు ఏముంటే అది కూడా పుస్తకంలోకి వచ్చేది. వంకాయ కూర చేసే విధానమో, సగం జోకో, జుట్టు నూనె ప్రకటనో. అలా ఎవరో ఇచ్చి, మళ్లీ తీసుకుపోవడానికి రాని ఒక కట్టను భాయ్ వాళ్ల నాయన ఎర్ర క్యాలికో గుడ్డ వేసి కట్టి పెట్టాడట. అదీ ఎర్ర అట్ట పుస్తకం. మామా భాయ్ స్నేహితులైందే దాని వల్ల.

అందులో కథ ఇది. మబ్బులన్నిటినీ ఒక మాంత్రికుడు కొండ కింద పాతాళంలో దాచేస్తాడు. రాజ్యం ఎండిపోతుంది. వాన తేవడానికి రాజకుమారుడు బయలుదేరతాడు. పాతాళానికి దారి ఒక ఎండిన బావి, ఆ దారి చూపించినవాడు ఒక గొర్రెల కాపరి. మేక వెంట్రుకలతో పేనిన తాడును కాపరి తన నడుముకు చుట్టుకుని, అంచున కూర్చుని, రాజకుమారుణ్ణి లోపలికి దింపుతాడు. తిరిగి వచ్చేదాకా తాడు వదలొద్దని చెప్పి రాజకుమారుడు పోతాడు. అక్కడి నుంచి పది వారాలు పాతాళంలో యుద్ధమే. చివరికి రాజకుమారుడు మబ్బులున్న కుండ పగలగొడతాడు, కొండ కదులుతుంది, ముగింపు వచ్చే వారం అని ఉంటుంది. ఆ వచ్చే వారం పుస్తకంలో లేదు.

"రాజు కొడుకు బతికినా సచ్చినా నాకేం పని ల్యా. మావోడు తాడు పట్టుకోని ఆడే కూర్చున్న్యాడు గదా. ఏమైనాడు వాడు?" అన్నాడు మామ ఆ మొదటి ఆదివారం. ఇరవై ఏళ్లుగా బస్సులో ఎవరి చేతిలో పాత వారపత్రిక కనపడినా, టికెట్టు కొట్టి ఇదే అడిగేవాడట. ఎవరూ చెప్పలేకపోయారట.

ఆ సీరియల్ నాకు తెలుసు. పక్కింటి వరండాలో చదివిందే. చివరి వారం పత్రిక రాకముందే ఆ టీచరమ్మ బదిలీ అయి వెళ్లిపోయింది. నేను ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో అమ్మకు చెప్పలేకపోయాను. బడికి నడిచిపోతూ రోజూ ఆ ముగింపును నాకు నేనే చెప్పుకునేదాన్ని. చెప్పుకుని చెప్పుకుని అది నాకు అచ్చులో చదివినంత గట్టిగా కుదిరిపోయింది.

"నేను చదివాను మామా, చివరి వారం" అన్నాను.

భాయ్ చేతిలో దబ్బనం ఆగిపోయింది. మామ నా వైపు పూర్తిగా తిరిగి కూర్చున్నాడు. నా కోసం ఎవరైనా అలా తిరిగి కూర్చోవడం నా జీవితంలో అదే మొదలు. ఆ సంతోషంలో చెప్పేశాను. కొండ బద్దలై మబ్బులు బయటికి వస్తాయి. రాజకుమారుడు బావిలోంచి కాకుండా కొండ అవతలి వైపు నుంచి బయటపడతాడు. వాన కురుస్తుంది, ఊరేగింపు, పెళ్లి మాటలు. మూడో రోజుకు గానీ అతనికి తాడు గుర్తు రాదు. పరిగెత్తుకుంటూ పోతే, నిండిన బావి అంచున, వానలో, కాపరి అలాగే కూర్చుని ఉంటాడు. వచ్చేశాను, ఇంక వదులు అంటాడు రాజకుమారుడు. "నువ్వు పైకొచ్చినావని నా కండ్లతో చూడందే ఎట్ల వదిలేది?" అంటాడు కాపరి.

మామ చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. ఆ తర్వాత, "అది సరే. గొర్లేమైనాయి? మూడు దినాలు మందనెవరు సూసుకున్న్యారు?" అన్నాడు.

"అది రాయలేదు మామా" అన్నాను. అది రెండో అబద్ధం.

ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పించుకున్నాడో లెక్క లేదు. మనవరాలికి చెప్పాడు, తోటి డ్రైవర్లకు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ గొర్రెల దగ్గర ఆగి, "రాసినాయప్పకు గొర్లు తెలీవు" అని రచయితను తిట్టేవాడు. ఆ తిట్లు పడేది నేనేనని ఆయనకు తెలియదు. సాయంత్రం నన్ను జమ్మలమడుగు బస్సు ఎక్కించడానికి బస్టాండు దాకా వచ్చి, బస్సు కదిలేదాకా నిలబడేవాడు. పో మామా, ఎండ అంటే, "నువ్వు ఎక్కినావని నా కండ్లతో చూడందే ఎట్ల పోయేది?" అనేవాడు. నేను నవ్వి కిటికీ వైపు తిరిగేదాన్ని. చెప్పేయాలని ఎన్నో ఆదివారాలు అనుకున్నాను. రూలు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఎందుకంటే రూలు తప్పినవాళ్ల గతి నా కళ్లారా చూశాను. మైదుకూరు నుంచి బట్టల వ్యాపారం ఆయన ఒకడు మాతో కలిశాడు. ఒక అంతరిక్షం సినిమాను రెండు గంటలు చేతులు తిప్పుకుంటూ చెప్పాడు. ఆయన చూసింది మూడు నిమిషాల ట్రైలరని తర్వాతి వారం తేలింది. మామ కోప్పడలేదు. షట్టరు చేత్తో పైకెత్తి పట్టుకుని, "దిగప్పా, నీ స్టేజీ వచ్చింది" అన్నాడు. ఆయన మళ్లీ రాలేదు. ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మామ రిటైరైన ఏడాది నాలుగో మనిషి చేరింది. పులివెందులలో ఫోటో స్టూడియోలో పెళ్లి ఆల్బములు చేసే అమ్మాయి. సినిమాలన్నీ ఫోన్లోనే చూస్తుంది. డ్రాగన్ ఎగిరితే మేమంతా నోరు తెరుచుకుని వింటుంటే, "అది ఎగరలేదు మామా, పచ్చ గుడ్డ ముందర తాడు కట్టి లాగినారు" అని చెప్పేస్తుంది. మామకు ఒళ్లు మండేది. "నువ్వు పెండ్లి ఫోటోల్లో పెండ్లికూతుర్ని తెల్లగ చేస్తావు గదా, అప్పుడు చెప్తావా ఇది పౌడరని?" అని దెబ్బకు దెబ్బ తీసేవాడు. ఆ పిల్లకు ఇష్టమైన పాత్రలన్నీ యంత్రాలే. మనుషుల కంటే అవి చెప్పిన మాట మీద ఉంటాయంటుంది. ఎర్ర అట్ట పుస్తకం మాత్రం దానికి కూడా నచ్చింది. తాడు వదలని కాపరిని కంప్యూటరులో బొమ్మ వేసి, అచ్చు తీయించి, అంగడి గోడకు అతికించింది. నేను ఆ గోడకు వీపు పెట్టి కూర్చునేదాన్ని.

ఒక శుక్రవారం మధ్యాహ్నం, ఎనిమిదో తరగతికి కిరణజన్య సంయోగక్రియ చెబుతుంటే ఆ అమ్మాయి ఫోను. "మేడమ్, దొరికింది! ఎర్ర అట్ట బుక్కు లాస్ట్ వారం. ఒక రిటైర్డ్ సారు ఇంట్లో పాత ఫోటోలు బాగు చేయమంటే పోయినా. ట్రంకుపెట్టెలో ఫోటోల కింద ఉండాది. ఆ సారు ఉంచుకో పాపా అన్న్యాడు. నేనింకా సదవలేదు మేడమ్. మీరు చెప్పింది అచ్చులో అందరం కలిసే సదవాల. మామ ఎట్ల ఎగుర్తాడో సూడండి!"

నా చేతిలో సుద్దముక్క విరిగింది. పిల్లలు నవ్వారు. గమ్మునుండండి అని వాళ్ల మీద అరిచాను. ఆ రెండు రోజులూ ఇంట్లో గిన్నెల మీద నా కోపమంతా చూపించాను. ఆదివారం చర్చిలో మోకరించి, ఆ పత్రికను ఈలోగా చెదలు తినేసేలా చేయమని దేవుణ్ణి అడిగాను. అడగకూడని ప్రార్థన. అడిగిన వెంటనే నాకే నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. జ్వరమని మానేద్దామనుకున్నాను. కానీ నేను లేకుండా వాళ్లు ఆ పేజీ తెరిచి, మామ నన్ను అడగడానికి నేను అక్కడ లేకపోవడం ఇంకా ఘోరమనిపించింది. బస్సెక్కాను.

అంగడిలో భాయ్ బల్ల తుడిచి, కొత్త కాగితం పరిచి, దాని మీద పత్రిక పెట్టి ఉంచాడు. మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బేకరీ నుంచి దిల్‌పసంద్ ముక్కలు తెప్పించారు. నా కోసం బల్ల మీద చోటు వదిలిపెట్టారు. నేను కూర్చోలేదు.

"చదవకముందే ఒక మాట. నేను చివరి వారం చదవలేదు. ఆ పత్రిక నా చేతికి రాలేదు. నేను చెప్పిందంతా నా సొంతం. తాడూ వానా మూడు దినాలూ అన్నీ" అన్నాను. ఒక్క గుక్కలో అన్నాను. ఆగితే ఇంక అనలేనని తెలుసు.

అమ్మాయి నోటి దగ్గరికి తెచ్చుకున్న ముక్కను అలాగే పట్టుకుంది. భాయ్ కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడిచాడు. మామ నా మొహం చూడలేదు. పత్రిక వైపే చూస్తూ, "సదువు పాపా" అన్నాడు.

ఆ పిల్ల చదివింది. కొండ బద్దలైంది. రాజకుమారుడు కొండ అవతలి వైపు నుంచి బయటపడ్డాడు. అక్కడిదాకా నేను చెప్పినట్టే ఉంది, అంతవరకూ ఎవరైనా ఊహించగలరు. వాన కురిసింది. రాజు ఎదురొచ్చాడు. ఒక రాజకుమారి అతని మెడలో హారం వేసింది. ఏడు రోజులు పెళ్లి. అందరూ సుఖంగా ఉన్నారు. శుభం. ఆ పిల్ల పేజీ తిప్పింది. వెనక వైపు ఆవకాయ పెట్టే విధానం ఉంది. ఇన్నేళ్లుగా మా పుస్తకంలో ఆ పేజీ ఎందుకు లేదో అర్థమైంది. ఎవరింట్లోనో అది ఆవకాయ జాడీ దగ్గరికి పోయి ఉంటుంది.

"మల్లొకసారి సదువు" అన్నాడు మామ.

మళ్లీ చదివింది. కాపరి లేడు. చచ్చిపోయాడని లేదు, బతికాడని లేదు. తాడన్న మాటే లేదు. రాసినాయన పది వారాల యుద్ధంలో పడి, బావి దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టిన సంగతే మర్చిపోయాడు.

మామ లేచి నిలబడ్డాడు. ఆయనకు అంత కోపం రావడం నేను ఎప్పుడూ చూడలేదు. "ఏందప్పా ఇది? మనిసిని కూర్చోబెట్టి మర్చిపోతారా? ముప్పై ఏండ్లు ఆడే కూర్చున్న్యాడు వాడు! రాసినోనికి ల్యా, అచ్చేసినోనికి ల్యా, యావనికీ గుర్తు ల్యాకపాయె!" అని బల్ల మీద చరిచాడు. దిల్‌పసంద్ ముక్కలు ఎగిరిపడ్డాయి. భాయ్ ఆయన భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు.

కాసేపటికి మామ నా వైపు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "టీచరమ్మా, నా మనవరాలికి చెప్పినా గదా, ఇది పుస్తకంలో ఉండాదని. నన్ను గూడ అబద్ధాలోణ్ణి చేస్తివి" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. క్షమించు మామా అన్నాను.

"మేడమ్ చెప్పిందే బాగుంది గదా మామా" అంది అమ్మాయి మెల్లగా.

"బాగుందా లేదా అని కాదు పాపా. రూలు రూలే." లేచి షట్టరు దగ్గరికి పోయి, చేత్తో పైకెత్తి పట్టుకున్నాడు. "దిగమ్మా."

నేను చెప్పులు వేసుకున్నాను. వంగి బయటికి పోతుంటే వెనక నుంచి మామ గొంతు వినపడింది. "దిగి, అదంతా రాసకరా. నోటితో చెప్తే లెక్క ల్యా. రాసి, చేతిలో పట్టుకోని మల్లా ఎక్కు. టికెట్టు ల్యాకుండ ఒకసారి ఎక్కితివి, ఈసారి టికెట్టుతో రా."

"కాగితం ఈ సైజు" అని భాయ్ లోపలి నుంచి ఒక తెల్ల కాగితాల కట్ట అందించాడు. ఎర్ర అట్ట పుస్తకం కొలతకు కోసి ఉంది. ఎప్పుడు కోశాడో తెలియదు. ఆ రోజు మామ బస్టాండుకు రాలేదు. బస్సు కదిలేదాకా చూశాను.

రాయడం అంటే అరగంట పని అనుకున్నాను. తొమ్మిదేళ్లుగా నోటికి వచ్చిన కథే కదా. కూర్చుంటే ఒక్క వాక్యం ముందుకు పోలేదు. నోటితో చెప్పినప్పుడు చేతులు తిప్పి, గొంతు మార్చి దాటేసినవన్నీ కాగితం మీద అడ్డం పడ్డాయి. మూడు రోజులు కాపరి ఏం తిన్నాడు? తాడు ఎంత పొడవు? మామ అడిగిన గొర్రెల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి పూర్తిగా ఆగిపోయింది. గొర్రె జీర్ణాశయానికి ఎన్ని గదులో నాకు తెలుసు. కాపరి కదలకపోతే మంద ఏం చేస్తుందో తెలియదు. తెలిసిన మనిషి మామ ఒక్కడే, ఆయన్ను అడిగే ముఖం నాకు లేదు.

మూడో వారం ఎర్రగుంట్ల వైపు పరీక్ష డ్యూటీ పడింది. చిలమకూరు దగ్గర, సిమెంటు దుమ్ము పట్టిన తుమ్మచెట్ల కింద, ఒక పెద్దాయన మంద నిలుపుకుని ఉన్నాడు. ఆటో ఆపించి దిగాను. తెల్లచీరలో టీచరమ్మ వచ్చి, వానలో మూడు రోజులు కాపరి కూర్చుండిపోతే గొర్రెలు ఏమవుతాయని అడిగితే, ఆయన నన్ను పైకీ కిందికీ చూశాడు.

"యాడికీ పోవమ్మా. వాన పడితే గొర్లు తల లోపలికి పెట్టుకోని గుంపుగ నిలబడ్తాయి. మనిసి కూర్చుంటే ఆ మనిసి సుట్టే నిలబడ్తాయి. సలి తగల్నీవు. కాపరి గొర్లను కాస్తాడంటారు గానీ, వాన్లో గొర్లే మమ్మల్ని కాస్తాయి" అన్నాడు. ఆ తర్వాత, "ఎవురాయప్ప, అట్ల కూర్చున్న్యాడు?" అని అడిగాడు. మా వాళ్లే అన్నాను.

ఆ రోజు ఇంటికి పోయి రాశాను. రాజకుమారుడు వెతుక్కుంటూ వచ్చేసరికి జోరువానలో బావి కనపడదు, తాడు కనపడదు, మనిషి కనపడడు. ఆ మైదానంలో ఒక్కచోట మాత్రం గొర్రెలు గుండ్రంగా, తలలు లోపలికి పెట్టుకుని నిలబడి ఉంటాయి. వాటిని తప్పించుకుని లోపలికి పోతే మధ్యలో కాపరి, ఒళ్లో తాడు. మిగతాది ఎప్పుడూ చెప్పిందే. ఒక్కటి మాత్రం చివర కలిపాను. రాజకుమారుడు క్షమించమని అడిగి, తాడును తన చేతులతో చుట్టి, మంద వెనక నడుస్తూ కాపరి వెంట వాళ్ల ఊరికి పోతాడు. ఈసారి అది నా సొంతమని పై వరుసలోనే రాసి, సంతకం పెట్టాను.

నాలుగు ఆదివారాలు గడిచాక, ఐదో ఆదివారం కాగితాలు బ్యాగులో పెట్టుకుని బస్సెక్కాను. ప్రొద్దుటూరు బస్టాండులో దిగేసరికి, జమ్మలమడుగు బస్సులు ఆగే చోట, ఎండలో మామ నిలబడి ఉన్నాడు. "ఈడ ఏం చేస్తాండావు మామా?" అన్నాను. "ఏం ల్యా, ఊరికే" అన్నాడు. నాలుగు వారాలుగా అదే వేళకు అంగడిలోంచి లేచి బయటికి పోతున్నాడని తర్వాత భాయ్ చెప్పాడు. మామ చెయ్యి చాపాడు. కాగితాలు ఇచ్చాను. టికెట్లు చూసే అలవాటుతో ముందు వాటిని లెక్కపెట్టుకున్నాడు.

అంగడిలో నన్ను చదవనివ్వలేదు. తనే చదివాడు, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, బస్సు స్టేజీల పేర్లు చెప్పే గొంతుతో. అమ్మాయి ఫోను పక్కన పెట్టి వింటోంది. భాయ్ దబ్బనానికి దారం ఎక్కించుకుని, ఎర్ర అట్ట పుస్తకాన్ని విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. అచ్చులో వచ్చిన శుభం పేజీ కూడా అందులో ఉంది, ఆవకాయతో సహా. నావి దాని తర్వాత కుడతాడట.

గొర్రెలు గుండ్రంగా నిలబడిన చోట మామ వేలు ఆగింది. తలెత్తి నా వైపు చూశాడు.

"ఇది ఎవరు చెప్పినారు నీకు?"

"చిలమకూరు కాడ గొర్లు మేపే ఆయప్ప మామా."

మామ మళ్లీ తల వంచుకుని మిగతాది చదివాడు. చివరి పేజీ అయ్యాక కాగితాలు సరిచేసి, అంచులు కలిపి, భాయ్ చేతికి ఇచ్చాడు.

"కుట్టప్పా. గొర్లు గూడ ఇల్లు చేరినాయి" అన్నాడు.